ఇల్లూ వాకిలీ: అక్కడి కిటికీ, ఇక్కడి కిటికీ

ఈ నెల నాకొచ్చిన వాయిస్ మెసేజుల్లో ఒకటి తొమ్మిది నిమిషాలుంది. లెస్టర్ నుంచి ఒక చెల్లెలు పంపింది. పేరు రాయొద్దంది, రాయను. ఆ తొమ్మిది నిమిషాల్లో రెండిళ్ళ కిటికీలున్నాయి.

మొదటిది తనుంటున్న ఇల్లు. 1930ల నాటి సెమీ. ముందు గదులకి 80ల్లో ఎవరో వేయించిన అల్యూమినియం కిటికీలు, వాటి చుట్టూ చెక్క. చలికాలం పొద్దున్నే లేచేసరికి ఫ్రేమ్ మీంచి నీళ్ళు కారి సిల్ మీద మడుగు కడుతుందట. పిల్లాడి మంచం వెనక గోడ మూల నల్లబడిపోయింది. వాడికి దగ్గు తగ్గడం లేదు. ఒక కంపెనీ అబ్బాయి వచ్చి కొత్త అల్యూమినియం వేయించుకోమన్నాడు. ఇంకో కంపెనీ వాళ్ళు యూపీవీసీ చాలన్నారు. ఆయన ధర చూసి యూపీవీసీకే ఓటేశారు.

రెండోది కాకినాడలో అమ్మగారి ఇల్లు. నాన్నగారు పోయాక ఆవిడ ఒక్కరే ఉంటున్నారు. పాత చెక్క కిటికీలకి చెదలు పట్టింది. వానాకాలం రెక్కలు ఉబ్బి మూసుకోవు, ఎండాకాలం సందులిస్తాయి. హైదరాబాదులో ఉన్న అన్నయ్య రెండు కొటేషన్లు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఖర్చు చెరిసగం. "అక్కా, ఇక్కడ యూపీవీసీ వేయించుకుంటుంటే అక్కడా అదే వేయించేయమని చెప్పేయనా? ఆదివారం కాల్‌లో తేల్చేయాలి" అంది.

చెప్పేయొద్దమ్మా. ఒక్క వారం ఆగు. కిటికీ అనేది ఏ ఊళ్ళో ఉందో ఆ ఊరి గాలిని బట్టి, అందులో ఉండే మనిషిని బట్టి వేయించుకునేది. ఇళ్ళ మరమ్మతులకి కొలతలు తీసి ఖర్చులు కట్టే ఉద్యోగం నాది కనక, ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మనలో చాలామందికి ఇక్కడో ఇల్లు, అక్కడో ఇల్లు. రెండింటికీ డబ్బు మనదే. రెండింటి గురించీ ఫోన్లోనే మాట్లాడుకుంటాం. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ రెండు సరుకుల స్వభావం తెలుసుకోవాలి. అల్యూమినియం లోహం. గట్టిది, వంగదు, సన్నటి ఫ్రేమ్‌తో పెద్ద అద్దాన్ని మోస్తుంది. కానీ వేడినీ చలినీ ఆపదు. స్టీలు గ్లాసులో వేడి కాఫీ పోసి పట్టుకుంటే ఎలా ఉంటుందో అలాగ. యూపీవీసీ అంటే మెత్తబరిచే రసాయనాలు కలపని గట్టి పీవీసీ ప్లాస్టిక్. ప్లాస్టిక్ కంటే అల్యూమినియం గుండా వేడి దాదాపు వెయ్యి రెట్లు సులువుగా పారుతుంది. బలం దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. ఒకే మందం ఉన్న ముక్కలు తీసుకుంటే, వంగకుండా నిలబడటంలో అల్యూమినియం ప్లాస్టిక్ కంటే పాతిక రెట్లకి పైనే గట్టిది. అందుకే యూపీవీసీ ఫ్రేమ్ లోపల ఖాళీ గదులు గదులుగా చేసి, వాటిలో ఒకదాంట్లో ఇనుప పట్టీ దూరుస్తారు. బయటికి కనపడదు కనక దీని దగ్గరే మోసం ఎక్కువ. ఆ సంగతి కాకినాడ దగ్గర చెప్తాను.

ఇంకో తేడా వ్యాకోచం. రెండు మీటర్ల యూపీవీసీ ముక్క నలభై డిగ్రీల వేడి తేడాకి సుమారు అయిదారు మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే అల్యూమినియం రెండు మిల్లీమీటర్ల లోపే. ఇంగ్లండు చలిలో ఈ సాగుడు పెద్దగా తెలియదు. మన ఎండల్లో తెలుస్తుంది.

ఇప్పుడు లెస్టర్ ఇల్లు.

ఆ పాత అల్యూమినియం ఎందుకు చెమ్మ కారుస్తోందంటే, అందులో మధ్య అడ్డు లేదు. బయటి చలి తిన్నగా లోపలి ముఖం దాకా వచ్చేస్తుంది. గది 20 డిగ్రీలుండి, గాల్లో తేమ 60 శాతం ఉంటే, 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీళ్ళు పడతాయి. జనవరి రాత్రి ఆ ఫ్రేమ్ 12 కంటే చాలా కిందుంటుంది. అందుకే మడుగు. "అల్యూమినియం అంటేనే చలి" అని మనవాళ్ళు అనేది ఈ పాత కిటికీలను చూసే. ఇప్పుడొచ్చే అల్యూమినియం ఫ్రేముల్లో లోపలి ముక్కకీ బయటి ముక్కకీ మధ్య పాలిఅమైడ్ అనే గట్టి ప్లాస్టిక్ పట్టీ పెడతారు. థర్మల్ బ్రేక్ అంటారు. అది ఉంటే పాత బాధ చాలావరకు ఉండదు. ఇంగ్లండులో 2022 జూన్ 15 నుంచి పాత ఇంట్లో మార్చే కిటికీ యూ-వాల్యూ 1.4 మించకూడదు, లేదా ఎనర్జీ రేటింగ్ బి తగ్గకూడదు. అద్దం, ఫ్రేమ్ కలిపి లెక్క అది. ఈ అంకె ఎంత తక్కువైతే వేడి అంత తక్కువ పోతుందని అర్థం. యూపీవీసీ అయినా అల్యూమినియం అయినా ఈ గడప దాటాల్సిందే. కాబట్టి "అల్యూమినియం వేస్తే చలి" అనే భయంతోనో, "యూపీవీసీ అంటే చవకబారు" అనే మాటతోనో నిర్ణయం చేయొద్దు. కొటేషన్ మీద మొత్తం కిటికీ యూ-వాల్యూ రాసి ఇమ్మనండి. అద్దం మధ్యభాగం అంకె మాత్రమే రాసి ఊరుకునేవాళ్ళున్నారు, అది ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

నా మాట: బెడ్‌రూమ్ కిటికీలకి యూపీవీసీ చాలు. ఆయన చెప్పింది సరైనదే, కారణం ఏదైనా. మామూలు సైజు కిటికీకి అల్యూమినియం మీద పెట్టే అదనపు డబ్బు సన్నటి ఫ్రేమ్ అందం కోసమే తప్ప వెచ్చదనం కోసం కాదు. తోటవైపు పెద్ద అద్దాల తలుపు పెట్టించుకుంటున్నారనుకోండి, అక్కడ మాత్రం అల్యూమినియం వైపే మొగ్గుతాను. వెడల్పాటి బరువైన రెక్కలు యూపీవీసీలో కొన్నేళ్ళకి కుంగి, తాళం పడక, భుజంతో నెట్టాల్సి వచ్చిన ఇళ్ళు చాలానే చూశాను. ఒకే ఇంట్లో రెండూ ఉండొచ్చు, ఎవరూ పోలీసు కేసు పెట్టరు. రంగు కలిసేలా చూసుకోండి చాలు. (ఆ ముదురు బూడిద రంగు మీదున్న మోజు మాత్రం నాకర్థం కాదు. మా వీధిలో పదిళ్ళు ఒకేలా ఉన్నాయి, కొరియర్ అబ్బాయి మా పార్సిల్ ఎప్పుడూ పక్కింట్లోనే ఇస్తాడు.)

కానీ అమ్మా, పిల్లాడి గది మూలనున్న నల్ల బూజు గురించి ఇప్పుడే చెప్పాలి. కిటికీలు మార్చగానే అది దానంతటది పోదు. ఒక్కోసారి పెరుగుతుంది కూడా. పాత కిటికీ సందుల్లోంచి గాలి ఆడేది, ఇల్లు చలిగానైనా ఆరేది. కొత్తవి బిగుతుగా మూసుకుంటాయి. ఇంట్లో పుట్టే తేమ ఎక్కడికి పోవాలి? ఇదివరకు చల్లటి ఫ్రేమ్ మీద పడేది, తుడిచేవాళ్ళం. ఇప్పుడు ఫ్రేమ్ వెచ్చగా ఉంది కనక గోడ మూలకే చేరుతుంది. మన వంటల సంగతి తెలిసిందేగా. రైస్ కుక్కరు, ఇడ్లీపాత్ర, మరుగుతున్న చారు, పైగా రేడియేటర్ మీద ఆరేసిన బట్టలు. ఒక విడత ఉతికిన బట్టల్లోంచే రెండు లీటర్ల దాకా నీళ్ళు గాల్లో కలుస్తాయి. ఆ నీళ్ళే మర్నాడు గోడ మీద కనపడేవి.

అందుకే కిటికీ పైఅంచున సన్నటి చీలికలాగా ఉండే ట్రికిల్ వెంట్ పెట్టమంటారు. 2022 నిబంధనల తర్వాత, ఇంట్లో గాలి రాకపోకలు మునుపటికన్నా తగ్గకూడదు కనక, చాలా ఇళ్ళకి వాటిని పెట్టే ఇస్తున్నారు. చలి వస్తోందని మనవాళ్ళు వాటికి సెల్లోటేప్ అంటిస్తారు! తీసేయండి. వంటింట్లో పొగ లాగే ఫ్యాను గోడ గుండా బయటికి వదిలేదై ఉండాలి, గాలిని వడకట్టి మళ్ళీ గదిలోకే వదిలేది కాదు. వంటయ్యాక ఇంకో పావుగంట తిరగనివ్వండి. మంచం గోడకి ఓ జానెడు ఎడంగా జరపండి. అప్పటికీ మూల తడిగానే ఉంటే బయట గట్టర్ కారుతోందేమో చూడాలి, అది కిటికీ గొడవే కాదు. పిల్లాడి దగ్గుకి మాత్రం డాక్టర్ని చూడండి, గదిలో బూజు ఉందని చెప్పండి. కిటికీలు వచ్చే దాకా ఆగొద్దు. బూజు పూర్తిగా పోయే దాకా వాడిని వేరే గదిలో పడుకోబెట్టుకోండి.

ఇంకో మాట, ఇది డబ్బు మిగిల్చే మాట. మీ కిటికీలు ఆ 80ల నాటివి కాక, ఇటీవలి డబుల్ గ్లేజింగే అయి, రెండద్దాల మధ్య మసక పడితే, ఫ్రేమ్ మార్చక్కర్లేదు. అద్దం యూనిట్ సీలు పోయిందన్నమాట. అద్దం ఒక్కటే మారుస్తారు. రెక్క వేలాడితే బందులు, గాలి దూరితే రబ్బరు, తాళం తిరక్కపోతే లోపలి మెకానిజం, అన్నీ విడివిడిగా దొరుకుతాయి. "మొత్తం పోయిందండీ" అనే సేల్స్ మనిషి ఇవేవీ చెప్పడు. చలికాలం పొద్దున అద్దం బయటివైపు మంచు పడితే అదీ లోపం కాదు, లోపలి వేడి బయటికి పోవట్లేదని గుర్తు.

పైఅంతస్తు బెడ్‌రూమ్ కిటికీ గురించి ఎవరూ అడగరు, నేనే చెప్తాను. నిప్పంటుకుంటే మెట్లు దిగలేని పరిస్థితిలో ఆ కిటికీలోంచే బయటపడాలి. తెరిచినప్పుడు దారి కనీసం 0.33 చదరపు మీటర్లుండాలి, ఎత్తూ వెడల్పూ ఏదీ 450 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, అడుగు అంచు నేల నుంచి 1100 మిల్లీమీటర్లకి మించి ఉండకూడదు. పాతది అలా తెరుచుకునేదైతే కొత్తది అంతకన్నా ఇరుకు కాకూడదు. పై చిన్న రెక్క మాత్రమే తెరుచుకునే డిజైన్ చవకని ఒప్పుకోకండి. తాళంచెవి పిల్లల భయంతో బీరువాలో దాస్తాం. అది ఆ గదిలోనే, పెద్దవాళ్ళకి అందే చోట మేకుకి వేలాడాలి. పిల్లల కోసం రెస్ట్రిక్టర్ పెట్టించండి, పెద్దవాళ్ళు నొక్కితే విడిపోయే రకం.

కాగితాల విషయం తొందరగా చెప్పేస్తాను. పని చేసేవాళ్ళు ఫెన్సా గానీ సర్టాస్ గానీ సభ్యులైతే వాళ్ళే సర్టిఫికెట్ ఇప్పిస్తారు. లేకపోతే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కి మీరే దరఖాస్తు పెట్టాలి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ లాయరు మొట్టమొదట అడిగేవాటిలో ఇదొకటి. ఫ్లాటైతే ఫ్రీహోల్డర్ అనుమతి లేకుండా ముట్టుకోకండి, చాలా లీజుల్లో కిటికీ ఫ్రేమ్ మీది కాదు. కన్సర్వేషన్ ఏరియా అయితే ముందు కౌన్సిల్ని అడగండి. "ఈ రాత్రే సంతకం పెడితే సగం ధర" అన్నవాడికి టీ ఇచ్చి పంపేయండి. ఇంటికొచ్చి చేయించుకున్న ఒప్పందాలకి 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కుందని అందరూ అంటారు, కానీ మీ కొలతకి ప్రత్యేకంగా చేసే వస్తువులకి ఆ హక్కులో మినహాయింపుంది. కిటికీ అంటేనే కొలతకి చేసేది, ఇక ఆ హక్కు మీద భరోసా పెట్టుకోవద్దు. అడ్వాన్సులో కొంతైనా క్రెడిట్ కార్డు మీద కట్టండి. ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటే, కంపెనీ ఎత్తేసినా కార్డు బ్యాంకుని అడిగే హక్కు 1974 నాటి చట్టమే ఇచ్చింది.

ఇక కాకినాడ.

అన్నయ్య పంపిన కొటేషన్లు నాకూ ఫార్వర్డ్ చేసింది. ఒకటి థర్మల్ బ్రేక్ ఉన్న అల్యూమినియం, ఇల్లంతా డబుల్ గ్లేజింగ్. రెండోది టేకు రంగు లామినేషన్ వేసిన యూపీవీసీ స్లైడింగ్. రెండూ కేటలాగులో బ్రహ్మాండంగా ఉన్నాయి. రెండూ ఆ ఇంటికి నప్పవు.

మొదటిదాని గురించి. అమ్మగారు పొద్దున ఆరింటికి కిటికీలన్నీ తెరుస్తారు, రాత్రి తొమ్మిదింటికి మూస్తారు. ఏసీ ఒక్క గదిలోనే ఉంది. తెరిచి ఉన్న కిటికీకి డబుల్ గ్లేజింగ్ ఎందుకు? చలి దేశంలో లోపలి వేడి బయటికి పోకుండా కాసుకోవాలి. మన దగ్గర లోపలికి వచ్చే ఎండని ఆపాలి, అది ఫ్రేమ్ చేసే పని కాదు. కిటికీ మీద వెడల్పాటి సన్‌షేడ్, పడమటి గోడకి ఓ చెట్టో వెదురు తడికో చేసేంత మేలు థర్మల్ బ్రేక్ చేయదు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతుంది కనక పడమటివైపు సన్‌షేడ్ కూడా సరిపోదు, బయటి నుంచి నీడ ఉండాలి. ఏసీ గది ఒక్కదానికి, అది రోడ్డువైపు ఉంటే చప్పుడు కోసం కూడా, డబుల్ గ్లేజింగ్ వేసుకోవచ్చు. మిగిలిన డబ్బు అమ్మగారి బాత్‌రూమ్‌లో జారని టైల్స్‌కి పెట్టండి.

రెండోదాంట్లో చిక్కు ఆ ముదురు రంగు. తెల్లటి యూపీవీసీ ఎండని చాలావరకు తిప్పికొడుతుంది. టేకు రంగు, ముదురు గోధుమ రంగు వేడిని పీల్చుకుంటాయి. మే నెలలో చేయి పెట్టలేనంత కాలుతుంది. పైన చెప్పిన సాగుడు అప్పుడు మొదలవుతుంది: మధ్యాహ్నం బిగుసుకుపోయి తెరుచుకోదు, రాత్రికి వదులవుతుంది. చెక్కలా కనపడాలన్న కోరిక అర్థమవుతుంది, పాత ఇంటి మీద మమకారం కదా. కానీ కోస్తా ఎండలో, రామగుండం రెంటచింతల లాంటి చోట్ల అయితే మరీను, యూపీవీసీ వేస్తే తెలుపే వేయండి.

యూపీవీసీ అంటే అన్నీ ఒకటి కాదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 12608 లో రెండు విషయాలు చూడాలి. ఒకటి గోడ మందం: ఏ క్లాసు అంటే బయటికి కనపడే గోడ 2.8 మిల్లీమీటర్లు, బి క్లాసు అంటే 2.5. రెండోది వాతావరణం: ఎమ్ అంటే మామూలు ఎండ, ఎస్ అంటే తీవ్రమైన ఎండ. మన ఊళ్ళకి ఎస్ రకం కావాలి. ఎండకి పచ్చబడకుండా, పెళుసెక్కకుండా ఆపేది అందులో కలిపే టైటానియం డయాక్సైడ్. అది తగ్గించి చవకగా అమ్మే సరుకు నాలుగు వేసవులకే రంగు మారుతుంది. ఇక లోపలి ఇనుప పట్టీ. షాపులో కోసిన ముక్క చూపించమని అన్నయ్యని అడగమనండి. జింకు పూత ఉన్న పట్టీ ఫ్రేమ్ పొడవునా ఉండాలి, మూలల్లో తుంటలు కాదు. సైటుకి వచ్చాక ఓ అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది: పట్టీ ఉన్న చోట పట్టుకుంటుంది.

సముద్రపు ఊళ్ళో ఉప్పుగాలి అసలు శత్రువు. యూపీవీసీని ఉప్పు ఏమీ చేయదు, చెదలూ తినదు. కానీ దాని స్క్రూలూ బందులూ గడియలూ ఇనుపవైతే రెండేళ్ళలో తుప్పు కారి తెల్లఫ్రేమ్ మీద ఎర్రచారలు పడతాయి. స్టెయిన్‌లెస్‌లో 304 మామూలు రకం, సముద్రం దగ్గర్లో 316 మేలు. అల్యూమినియానికి తుప్పు పట్టదంటారు, తెల్లటి పొడిలా తినేస్తుంది మాత్రం, ముఖ్యంగా పౌడర్ కోటింగ్ గీసుకుపోయిన చోట, వేరే లోహపు స్క్రూ తగిలిన చోట. కోటింగ్ సాధారణంగా 60 నుంచి 80 మైక్రాన్లుంటుంది, ఎంతో కాగితం మీద రాయించుకోండి. సముద్రానికి ఇంత దూరంలోపు గ్యారంటీ వర్తించదని సన్నక్షరాల్లో ఉందేమో చదవండి. రెండు రకాలకీ నెలకోసారి మంచినీళ్ళతో ఉప్పు కడిగించాలి, ఇది ఎవరూ చేయరు, చేస్తే మాత్రం కిటికీ ఆయుష్షు పెరుగుతుంది.

గాలి సంగతి. 1996 నవంబరు తుఫాను కోనసీమలో చూసినవాళ్ళకీ, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రోజు విశాఖలో ఉన్నవాళ్ళకీ నేను చెప్పక్కర్లేదు. భారత ప్రమాణాల్లో విశాఖకి లెక్కగట్టిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాదుకి 44 మీటర్లు. 50 మీటర్ల గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువుతో నెడుతుంది. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు కిటికీ మీద 280 కిలోల దాకా! హాల్లో పెద్ద కిటికీ కావాలంటే అందుకే అల్యూమినియం మేలు. లేదా యూపీవీసీనే చిన్న చిన్న భాగాలుగా, మధ్యలో ఇనుము ఉన్న నిలువు ముక్కలతో చేయించాలి. గాలీ వానా కలిసి కొట్టే వైపు స్లైడింగ్ కంటే తలుపులా తెరిచే రెక్కలే నీళ్ళని బాగా ఆపుతాయి. అద్దం లామినేటెడ్ అయితే పగిలినా పొరకి అంటుకుని ఉంటుంది, ముక్కలు గదిలోకి ఎగరవు.

బిగించడంలో ఒక మాట మేస్త్రీకి గట్టిగా చెప్పాలి. చెదలు పట్టిన పాత చెక్క ఫ్రేమ్ పూర్తిగా తీసేయాలి, దాని మీదే కొత్తది తొడిగితే చెదలు లోపలే బతుకుతాయి. కొత్త ఫ్రేమ్ చుట్టూ గోడకి కాస్త సందు వదిలి ఫోమూ సీలెంటూ నింపాలి. మేస్త్రీలకి సందు కనపడితే సిమెంటు కూరడం అలవాటు. యూపీవీసీకి సాగడానికి చోటుండదు, అల్యూమినియం అయితే పచ్చి సిమెంటు కోటింగ్‌ని తినేస్తుంది. పని అయిన వెంటనే ఫ్రేమ్ మీది ప్లాస్టిక్ ఫిల్మ్ ఒలిచేయించండి. "గృహప్రవేశం దాకా ఉంచుదాం" అంటే ఎండకి అంటుకుపోయి చాకుతో గీకాల్సి వస్తుంది. గ్రిల్ యూపీవీసీ ఫ్రేముకి కాదు, గోడకి బిగించాలి. ఇల్లంతా గ్రిల్సే కదా, ఒక్క గదిలోనైనా లోపల్నుంచి తెరుచుకునే గ్రిల్ ఉండాలి. ఒంటరిగా ఉండే మనిషికి అది బయటపడే దారి, ఇరుగుపొరుగు లోపలికొచ్చే దారి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఆ తొమ్మిది నిమిషాల మెసేజులో అన్నయ్య ఏమన్నాడో ఉంది, వదిన ఏమందో ఉంది, మీ ఆయన ఏమన్నారో ఉంది. అమ్మ ఏమందో లేదు.

మా అత్తగారిది రాజమండ్రి. మా మరిది ముచ్చటపడి అయిదేళ్ళ కిందట పెద్ద పెద్ద స్లైడింగ్ కిటికీలు వేయించాడు. ఒక్కో రెక్క బరువు చూసి నేనే ఆశ్చర్యపోయాను. ఆవిడ మునివేళ్ళకి కీళ్ళనొప్పులు. ఆ గడియ ఫ్రేమ్‌లోకి దిగి ఉంటుంది, వేలు పెట్టి లాగాలి. కింది గాడిలో దుమ్ము చేరాక ఆవిడ వల్ల కాలేదు. కొన్నాళ్ళు పనమ్మాయి వచ్చినప్పుడు తెరిపించుకున్నారు, తర్వాత మానేశారు. రోజంతా ట్యూబులైటు వేసుకుని కూర్చునేవారు. మేం వీడియో కాల్‌లో చూసి "గది ఎంత చల్లగా ఉందో" అనుకున్నాం. పోయినేడు వెళ్ళినప్పుడు వీధివైపు కిటికీ ఒక్కటి తీయించి, రెండు చిన్న రెక్కలు, పొడుగాటి హ్యాండిలు ఉన్నది పెట్టించాం. ఇప్పుడు కూరగాయల బండి ఆయనతో బేరం అక్కణ్ణుంచే.

అందుకని ఆదివారం కాల్ కంటే ముందు, అమ్మగారికి విడిగా ఫోన్ చేయి. ఆవిడ రోజూ ఏ కిటికీ దగ్గర కూర్చుంటారు? చేయి ఎంత ఎత్తు లేస్తుంది? గ్రిల్ లోంచి చేయి పెట్టి రెక్క లాగగలరా? దోమల మెష్ ఎటువైపుంటే సులువు? వాన మొదలైతే ఎన్ని కిటికీలు పరుగెత్తి మూయాలి? అప్పుడు ఆవిడని షాపుకి తీసుకెళ్ళమను. అన్నయ్యకి కుదరకపోతే పిన్నిగారబ్బాయిని పంపు. అక్కడ మోడల్ కిటికీని సేల్స్ అబ్బాయి కాదు, అమ్మగారు తెరవాలి, ఒక్క చేత్తో, నిలబడి, కూర్చుని. ఆవిడకి కష్టమైతే ఆ కిటికీ ఎంత ఖరీదైనా వద్దు.

నన్నడిగితే ఆ ఇంటికి తెల్లటి యూపీవీసీ, తలుపులా తెరిచే చిన్న రెక్కలు, 316 స్క్రూలు. హాల్లో ఒక్క పెద్ద కిటికీకి మామూలు అల్యూమినియం, మంచి పౌడర్ కోటింగ్‌తో. అమ్మగారు "వద్దమ్మా, చెక్కే కావాలి" అంటే దానికీ ఒక దారుంది: వీధివైపు ఆవిడ కూర్చునే కిటికీ ఒక్కటి మంచి టేకుతో, చెదల మందు కొట్టించి, సన్‌షేడ్ కింద. ఒక్కదానికి ఏటా రంగు వేయించడం కష్టమేం కాదు. కొటేషన్‌లో చదరపు అడుగు ధరలో అద్దం, మెష్, బందులు, రవాణా, బిగింపు, జీఎస్‌టీ అన్నీ కలిసే ఉన్నాయో లేదో విడివిడిగా రాయించండి. రెండు కొటేషన్లు పోల్చలేకపోవడానికి సగం కారణం అదే.

పండగ మాట ఒకటి మిగిలింది, చాలామంది అడిగేదే. మామిడి తోరణం కట్టడానికి యూపీవీసీ ఫ్రేముకి మేకు కొట్టకండి, లోపలి ఇనుముకి నీళ్ళు దిగుతాయి, గ్యారంటీ పోతుంది. అంటించుకునే హుక్కులు దొరుకుతాయి, లేదా పైన గోడకి మేకులు. తెల్లఫ్రేమ్ మీద పసుపు మరక పడితే థిన్నరూ, గరుకు పీచూ వాడొద్దు. సబ్బునీళ్ళతో తుడిచి ఎండ తగలనివ్వండి, నాలుగు రోజుల్లో పసుపు తేలిపోతుంది. లెస్టర్‌లో ఎండ కోసం జూన్ దాకా ఆగాలేమో, అది వేరే సంగతి.

వచ్చే నెల బాయిలర్ సర్వీసింగ్ గురించి. మీ ప్రశ్నలు ఇరవయ్యో తారీఖు లోపు గ్రూపు అడ్మిన్‌కి పంపండి, తొమ్మిది నిమిషాలైనా వింటాను.